గేటు ఇంటి గోడ మీద మసి

ఏమండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. నాలుగింటిదాకా హాల్లో ఫ్యాన్ వేయకండి. బల్ల మీదున్న బుల్లి రైలు గేటు ఇంటికి జిగురు ఇంకా ఆరలేదు. అట్ట పెంకులు ఎగిరిపోతాయి. సాయంత్రం ఎగ్జిబిషన్ వాళ్లు వచ్చినప్పుడు అడుగు చెక్క పట్టుకుని ఎత్తమనండి.

ఆ బుల్లి ఇంటి వంటింటి కిటికీ పైన మసి కనిపిస్తుంది. చేతిలో గుడ్డ ఉంటే మీరు ఆగరు కదా, దాన్ని మాత్రం ముట్టుకోకండి.

పొద్దున చూడగానే నాకూ ఒళ్లు మండింది. రెండు రోజులు కూర్చుని తెల్ల రంగు వేసిన గోడ! మీ పనే అనుకున్నాను. తీరా చూస్తే మామయ్యగారు కాలిన అగ్గిపుల్ల పట్టుకుని నిలబడి ఉన్నారు. "నేను గేటు కాసినన్నాళ్లూ మీ అత్తయ్య ఆ కిటికీ పక్కనే కట్టెలపొయ్యి మీద వండిందమ్మా. గోడ అంత తెల్లగా ఎలా ఉంటుంది?" అన్నారు.

మీరు పుట్టి పెరిగిన ఇల్లు. పొయ్యి ఎటువైపు ఉండేదని మూడుసార్లు అడిగితే, "ఎటో ఒకవైపు పెట్టెయ్, ఎవరు చూస్తారు?" అన్నారు. చూసే మనిషి మన ఇంట్లోనే ఉన్నారు.

అన్నట్టు, ఆ మసి చెయ్యి తగిలితే రాలిపోతుంది. బల్ల కింద వార్నిష్ స్ప్రే డబ్బా ఉంది. బాగా ఊపి, జానెడు దూరం నుంచి పలచగా కొట్టండి. మరీ దగ్గర నుంచి కొడితే ఆ మసిలో పడ్డ మామయ్యగారి వేలిముద్ర చెరిగిపోతుంది.