మందుల షాపులో స్టూలు

బావా,
పప్పుచారు పొయ్యి మీదుంది, వేడి చేసుకో. పాలు తోడుపెట్టా, గిన్నె కదిలించమాక. నేను మాచవరం అక్క దగ్గరికి వెళ్తున్నా, రేపు సాయంత్రానికి వస్తా.

నువ్వు ఫ్రిజ్ మీద పెట్టిన నొప్పి బిళ్ళలు అక్కడే ఉన్నాయి. నాకొద్దు. నిన్న మన షాపుకి క్యారేజీ తెచ్చినప్పుడు చూశా. మిరప కోతల నుంచి వచ్చిన నాగేంద్రమ్మ నొప్పి బిళ్ళలడిగితే నువ్వు వెంటనే ఇవ్వలా. స్టూలేసి కూర్చోబెట్టి, "ఎక్కడ మొదలవుద్ది పిన్నీ? నిద్ర పడతందా? రోజూ మింగుతుంటే కడుపులో మంట రావట్లా?" అని నిదానంగా అడిగావు. పిల్లాడు పుట్టినప్పటి నుంచీ ఉన్న నా నడుం నొప్పికి మాత్రం ఫోన్ చూసుకుంటూనే బిళ్ళల షీటు చేతిలో పెడతావు.

రేపు బస్సు దిగి నేరుగా షాపుకే వస్తా. ఆ స్టూలు మీదే కూర్చుంటా. ఆమెనడిగినట్టే నన్నూ అడుగు.

సుకన్య

బిళ్ళ ఇవ్వకపోయినా పర్లేదు.