రెండు తీగలు మారితే

ఇస్ఫరా,
ఏప్రిల్ 17, గురువారం

సవోదత్ వదినగారికి,

అల్లా మీకు ఆరోగ్యాన్ని, మీ ఇంటికి బర్కతునూ ఇవ్వాలని దువా చేస్తూ ముషర్రఫ్ సలాములు. ఫోనులో అయితే ఏడుస్తాను, మీరు కంగారుపడతారు. మీ తమ్ముడి పేరు మట్టిలో కలుపుతుంటే ఇక ఊరుకోలేక కలం పట్టాను.

నెల కిందట కరెంటు వాళ్లు స్తంభం మార్చి తీగలు కొత్తగా కలిపారు. ఆ రోజు నుంచి కాలువ పంపు మోటారు తిరుగుతోంది గానీ, నీళ్లు గుట్టెక్కి ఖుబానీ తోటలకు చేరలేదు. కొత్త మెకానిక్ ఫర్రుఖ్ చాయ్‌ఖానా ముందు నిలబడి ఏమన్నాడో తెలుసా? ఖుర్బానలీ చచ్చి బతికిపోయాడు, లేకపోతే ఈ మోటారును పాడుచేసినందుకు నేనే చెవి మెలేసేవాణ్ణి అన్నాడు. మీ తమ్ముడు ఇరవై ఆరేళ్లు బిడ్డలా చూసుకున్న మోటారు వదినా అది! ముసలి హోజీ ఒక్కడే, ఒరే, నీ నోట్లోంచి మాటలు పొంగినట్టు ఆ పంపులోంచి నీళ్లు పొంగితే మాకీ కరువెందుకురా అన్నాడట. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకున్నారు.

మోటారంటే ఏమిటో పెళ్లయిన కొత్తలో మీ తమ్ముడే నాకు చెప్పారు. తిరగలి చుట్టూ ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని, పిడిని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని లాగుతారే, మూడు తీగల్లోని కరెంటూ అలాగే వంతులవారీగా లోపలి ఇరుసును లాగుతుందట, కంటికి కనపడని చేతులతో. మరి ఇద్దరు చోట్లు మార్చుకుంటే అని అడిగాను. తిరగలి వెనక్కి తిరుగుతుందే పిచ్చిదానా అని నవ్వారు. పంపు వెనక్కి తిరిగితే నీరు కదులుతుంది, పైకెక్కదు. ఈ మాత్రం తెలియనివాడా పోయిన మనిషిని నిందించేది!

పోయిన శుక్రవారం ఫర్రుఖ్ మోటారును సుత్తితో మూడు దెబ్బలు కొట్టి నమాజుకు వెళ్లాడు. తిరిగొచ్చి మీట నొక్కితే నీళ్లు గుట్టెక్కాయి. ఖుర్బానలీ చేసిన పాపం నా సుత్తి కడిగింది అని ఊరంతా చాటుకున్నాడు. వాడికి పులావు పెట్టి కొత్త అంగీ తొడిగారు. మీ తమ్ముడి సమాధి మీద మట్టి ఇంకా ఆరనే లేదు.

మీ
ముషర్రఫ్

తా.క. శుక్రవారం మధ్యాహ్నం. నిన్న అబద్ధం రాయలేదు, సగం దాచాను. పోయిన శుక్రవారం మగవాళ్లంతా మసీదులో ఉండగా, మీ తమ్ముడి తాళంచెవితో పంపు గది తెరిచి, మెయిన్ స్విచ్ ఆపి, బిస్మిల్లా అని రెండు తీగలు మార్చింది నేనే. చెట్లు వారంపాటు కడుపునిండా తాగాయి, ఇంకో పది రోజులు ఆగగలవు. ఇందాక నమాజు వేళ మళ్లీ వెళ్లి ఆ రెంటినీ మునుపు ఎలా ఉన్నాయో అలా పెట్టి వచ్చాను. అల్లా క్షమించాలి. ఇప్పుడు కొట్టమనండి సుత్తితో! చాయ్‌ఖానా ముందు అన్న మాటను వాడు అక్కడే వెనక్కి తీసుకున్ననాడు మోటారు ముందుకు తిరుగుతుంది. ఈ కాగితాలు మీ పెట్టెలో దాచండి, అన్నయ్యగారికి కూడా చూపకండి.