రావుగారి పద్నాలుగు ఫిర్యాదులు

ఎడ్మంటన్,
ఫిబ్రవరి 17, మంగళవారం.

చిరంజీవి శ్రీహర్షకు,

అమ్మ ఆశీస్సులు. ఎంత కోపంగా ఉన్నా పిల్లలకు ఇవి ఆపకూడదు కాబట్టి ముందు తీసేసుకో. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు క్షేమమో కాదో అడగక్కర్లేదు, నీ ఉత్తరం నిండా ఉషారే కనిపిస్తోంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెప్పి, తర్వాత నీ సంగతి చూస్తాను. మీ నాన్న మోకాలు ఫరవాలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంటికప్పు లేచిపోయేలా మూలుగుతారు, అది నొప్పికి కాదు, నేను వినాలని. కారు ఎందుకు అమ్మేశావమ్మా అన్నావు. ఈ చలిలో ఇంజను గడ్డకట్టకుండా రోజూ బ్లాక్ హీటర్ తగిలించలేక విసుగొచ్చి అమ్మేశాను. బస్సు సుఖంగా ఉంది. ఇక ఉత్తరం మార్కర్‌తో ఇంతింత లావు అక్షరాలతో ఎందుకు రాస్తున్నావు, పేజీకి ఆరు లైన్లేమిటి, కాగితం దండగ కదా అన్నావు. నా పెన్నులో సిరా గడ్డకట్టింది. పోస్టాఫీసు వాళ్ళు ఈ కవరు తూచి ఇంకో రెండు స్టాంపులు అంటించమన్నా అంటిస్తాను. నువ్వు యూనివర్సిటీకి బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టులో మనం అనుకున్న మాట ఒక్కటే: నెలకో ఉత్తరం, తెలుగులో, చేత్తో. ఎంత లావు అక్షరాలో అనుకోలేదు.

జవాబులు అయిపోయాయి. ఇప్పుడు అసలు విషయం.

మన పుట్ట యాప్‌లోంచి షెల్ తీసేస్తున్నారట. మార్చి పదిహేనున కొత్త వెర్షన్ అట. కమాండ్లు టైపు చేసే ఆ నల్ల తెర పోయి దాని బదులు రంగురంగుల బటన్లు వస్తాయట. మూడో పేజీలో వాతావరణం కబుర్లలా రాశావు. "లెగసీ ఫీచర్ అమ్మా, వన్ పర్సెంట్ కూడా వాడటం లేదు" అన్నావు. నాకు ఒళ్ళు మండింది. ఇవాళ్టికి ఐదు రోజులయింది, ఇంకా మండుతూనే ఉంది.

ఫోన్లో పైథాన్ ప్రోగ్రాములు రాసుకునే నీ యాప్‌ని మీ కంపెనీ వాళ్ళు కొనుక్కుని పేరు మార్చుకుంటే మార్చుకున్నారు. ఆ పేరు నా నోటికి రాదు. పైథాన్ ఉండేది పుట్టలోనే కదా అని నేను పెట్టిన పేరు పుట్ట, నేను పుట్ట అనే రాస్తాను. దానికి షెల్ ఎలా వచ్చిందో నీకు గుర్తుందా? రెండో సంవత్సరం సెలవుల్లో మన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నీ యాప్ నా ఫోన్లో వేసి చూపించావు.

"ఒక ఫైలు చూడాలంటే ఇన్నిసార్లు వేలితో పొడవాలా? దీనికో షెల్ పెట్టు" అన్నాను.

"ఫోన్లో షెల్ ఎవరికి కావాలమ్మా? నోబడీ విల్ టైప్ ఆన్ ఎ ఫోన్."

"నాకు కావాలి."

"యూ ఆర్ జస్ట్ వన్ పర్సన్."

"నీకు మూడు పూటలా వండి పెట్టేది కూడా వన్ పర్సనే."

అప్పుడు నవ్వావు. క్యాలెండర్ కాగితం వెనకాల నేను పదహారు కమాండ్లు రాసిస్తే వారం రోజుల్లో పదహారూ పనిచేయించావు. పైప్‌లైన్ కంపెనీలో ఇరవై ఏడేళ్ళు సర్వర్లు కాచినదాన్ని, నాకు ఆ వారం పండగలా గడిచింది. నువ్వు తప్పు చేసినప్పుడల్లా చెప్పాను, విన్నావు. ఫైలు తుడిచేసే ముందు ఒకసారి అడగాలి అన్నాను. "ఓకే, ఓకే" అంటూనే రాశావు. ఈ రోజుకీ పుట్టలో ఏదైనా తుడిచేయబోతే "నిజంగానా?" అని అడుగుతుంది. మరి ఆ షెల్‌నే తుడిచేసేటప్పుడు నువ్వు ఎవరిని అడిగావు?

మీ నాన్న సివిల్ ఇంజనీరు కదా, షెల్ అంటే ఏమిటో ఆయనకు ఈ మధ్యే ఇలా చెప్పాను. హోటల్లో మెనూ కార్డు మీద వేలు పెట్టి చూపించడం ఒక పద్ధతి. సర్వర్‌ని పిలిచి "రెండు ఇడ్లీ, సాంబారు విడిగా" అని చెప్పడం ఇంకో పద్ధతి. షెల్ రెండోది. నోటితో చెప్పే బదులు టైపు చేస్తాం, అంతే తేడా. ఆయన వెంటనే "ఓస్, ఇంతేనా!" అన్నారు. ఆయనకు అర్థమైంది. ఆ షెల్ రాసినవాడికి అర్థం కాలేదు.

నువ్వు ఇంకో మాట కూడా రాశావు. "రిటైర్ అయ్యాక కూడా నీకీ కోడింగ్ ఎందుకమ్మా, హాయిగా ఆడియో బుక్స్ వినొచ్చుగా." హాయి సంగతి నాకు చెప్పకు. నేను పుట్టలో రాసుకున్న ప్రోగ్రాములు తొమ్మిది ఉన్నాయి. అందులో ఒకటి మన వీధి చివర స్టాపుకి వచ్చే బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో, దాని నెంబరెంతో చెబుతుంది. అది నేనే రాశాను, ఎవరినీ అడగలేదు. మైనస్ ఇరవై ఎనిమిదిలో ఆ స్టాపులో పన్నెండు నిమిషాలు నిలబడి చూడు, అప్పుడు తెలుస్తుంది ఆ ప్రోగ్రాము ఎందుకో. మొన్న గురువారం నీ ట్రయల్ వెర్షన్ నా ఫోన్లోకి తనంతట తానే దిగింది. దాంతో నేను వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేకపోయాను. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఐదో పేజీకి వస్తాను. నీకు సరదాగా అనిపించిన పేజీ అదే కదా. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను, తప్పులు మాత్రం దిద్దాను.

"వెంకటేశ్వర రావు అని ఒక ముసలాయన ఉన్నాడు అమ్మా. మమ్మల్ని చంపుతున్నాడు. రెండేళ్ళలో పద్నాలుగు కంప్లైంట్లు పెట్టాడు. అక్షరాలు పెద్దవి చేయండి, ఇంకా పెద్దవి చేయండి, నలుపు మీద తెలుపు ఉంచండి, షెల్ ముట్టుకోకండి. ఆయన స్క్రీన్‌కి ఒక్క అక్షరమే పడుతుందేమో! మీటింగ్‌లో చదివితే అందరూ పడీపడీ నవ్వారు. అన్నీ క్లోజ్ చేసేశా."

పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ కూడా వేశావట.

వేశావట అని ఎందుకు రాశానంటే, ఆ బొమ్మ నేను చూడలేదు. నీ ఉత్తరం మీ నాన్న చదివి వినిపించారు. ఐదో పేజీ సగంలో చదవడం ఆపేశారు. "ఇంకేమన్నా ఉందా?" అన్నాను. "ఇంకేం లేదు, నవ్వు మొహం వేశాడు" అన్నారు. కాగితాలు మడిచి కవర్లో పెట్టేశారు.

హర్షా, ఆ వెంకటేశ్వర రావు నేనే.

ఆ పేరు ఎవరిదో చెబితే నవ్వుతావు. హైదరాబాదులో నా మొదటి ఉద్యోగంలో మా సూపరింటెండెంటు. ఆయన కాగితం మీద సంతకం పెడితే ఏ సెక్షనైనా పరుగెత్తి పని చేసేది. నేను అదే కాగితం తీసుకెళితే "కూర్చోమ్మా, చూద్దాం" అనేవాళ్ళు. ఫిర్యాదు ఫారంలో పేరు రాయమంటే ఆయన పేరు వేలి చివరికి వచ్చింది. అమ్మ పేరుతో పెడితే నువ్వు అమ్మ కదా అని చేసిపెడతావు. నాకు అలా వద్దు. ముక్కూమొహం తెలియని ముసలివాడు న్యాయమైన మాట అడిగితే నా కొడుకు ఏం చేస్తాడో అలాగే చేయాలి అనుకున్నాను. మొదటి ఏడాది చేశావు కూడా. "సర్, మీ సూచన బాగుంది, వచ్చే వారానికల్లా అక్షరాలు పెద్దవి చేస్తాను" అని రాశావు, చేశావు. ఒకసారి ఏకంగా పది లైన్లు రాశావు. అంత పొడుగు జవాబు నాకు నువ్వు ఏ మెసేజ్‌లోనూ ఇవ్వలేదు. దాన్ని ఫోన్ చేత ఎన్నిసార్లు చదివించుకున్నానో లెక్కలేదు. మా వాడు ఎదుటి మనిషిని గౌరవిస్తాడు అనుకుని మురిసిపోయాను. అందుకే ఇప్పుడింత మంట.

ఇక పైన రాసిన అబద్ధాలు దిద్దుకుంటాను. నా పెన్నులో సిరా బాగానే ఉంది. కారు అమ్మింది హీటర్‌తో విసుగొచ్చి కాదు, లైసెన్సు తిరిగిచ్చేశాను. నా కళ్ళల్లో మాక్యులా అనే చోటు పాడవుతోంది. మూడేళ్ళయింది. ఎడమ కన్ను ముందు, తర్వాత కుడి కన్ను. చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా మధ్యలోనే ఉండదు. కెమెరా పాడైందని వీడియో కాల్స్ మానేశాను గుర్తుందా? కెమెరా బాగానే ఉంది. నువ్వు మాట్లాడుతుంటే నీ చెవులు కనిపించేవి, భుజాలు కనిపించేవి, మొహం ఉండేది కాదు. నేను నీ మొహం వైపు కాకుండా పక్కకి చూస్తుంటే నువ్వు కనిపెట్టేస్తావని భయపడ్డాను.

మీ నాన్నకు తెలుసు. నీకు చెప్పనని నేనే ఒట్టు వేయించుకున్నాను, ఆయన మీద విరుచుకుపడకు. నువ్వు కొత్తగా టీమ్ లీడ్ అయ్యావు, ఆ సమయంలో ఎందుకులే అనుకున్నాను. ఆ తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ నా తప్పు వల్ల నీది తప్పు కాకుండా పోదు.

ఇప్పుడు గురువారం సంగతి. కంట్లో ఇంజెక్షన్ కోసం నెలకోసారి క్లినిక్‌కి వెళ్ళాలి. మీ నాన్న తోడొస్తానన్నారు, నేనే వద్దన్నాను. నా ఫోనుంది, నా చిన్న కీబోర్డుంది, రెండక్షరాలు టైపు చేస్తే బస్సు నెంబరు స్క్రీన్ నిండా వస్తుంది, గట్టిగా చదువుతుంది కూడా. ఏడాదిగా అలాగే వెళ్ళొస్తున్నాను. ఆ రోజు స్టాపులో నిలబడి పుట్ట తెరిస్తే నల్ల తెర లేదు. బూడిదరంగు మీద బూడిదరంగు ఏవో మరకలు. సరే, ఫోనే చదువుతుందిలే అని వేలితో తడిమాను. "బటన్" అంది. పక్కకి జరిపాను. "బటన్" అంది. ఇంకా పక్కన, మళ్ళీ "బటన్." దేనికీ పేరు పెట్టలేదు మీరు. మెనూ కార్డు మీద వేలు పెట్టడానికి ముందు ఆ కార్డు కనిపించాలి కదురా! ఈలోగా బస్సు వచ్చింది, మనదే అనుకుని ఎక్కాను.

మనది కాదు. ఎక్కడికో తీసుకెళ్ళింది. ఆఖరి స్టాపులో డ్రైవరమ్మ వచ్చి, "మామ్, వేర్ ఆర్ యూ గోయింగ్?" అని అడిగింది. మంచిగానే అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏడేళ్ళు ఒక కంపెనీ మొత్తాన్ని కమాండ్ల మీద నడిపినదాన్ని, ఏ ఊళ్ళో ముప్పై ఆరేళ్ళు కాపురం చేశానో ఆ ఊళ్ళోనే ఎక్కడున్నానో తెలియక నిలబడ్డాను. క్లినిక్ వాళ్ళు ఇంకో రోజు ఇచ్చారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మీ నాన్న నీ ఉత్తరం వచ్చిందని సంతోషంగా కవరు చింపారు.

అందుకే ఇంత కోపం. ఈ కోపం నీ బటన్ల మీద మాత్రమే కాదు. వన్ పర్సెంట్ అన్నావే, ఆ వన్ పర్సెంట్‌లో ఎవరున్నారో ఒక్కసారైనా అడగకుండా నవ్వినందుకు. అదే మాట ఎవరో రావుగారు పద్నాలుగుసార్లు అడిగితే, ఎందుకడుగుతున్నాడో అని నీకు ఒక్కసారి కూడా అనిపించనందుకు. ఆయన నిజంగానే ఎవరో ఒక ముసలాయన అయి ఉంటే నేనింకా ఎక్కువ తిట్టేదాన్ని, ఎందుకంటే ఆయనకు నీకు ఉత్తరం రాసే దారి కూడా ఉండదు.

అమ్మకు కష్టమని షెల్ ఉంచకు. అలా ఉంచితే నేను వాడను. ఉంచడం సరైన పని కాబట్టి ఉంచు. బటన్లు కావాలంటే పెట్టుకో, ఒక్కొక్కదానికీ పేరు రాయి. పద్నాలుగూ మళ్ళీ తెరిచి, ఒకటో నెంబరు నుంచి చదువు. మీటింగ్‌లో మళ్ళీ చదివి వినిపించు, ఈసారి ఎవరు రాశారో చెప్పి వినిపించు.

మీ నాన్న ఈ ఉత్తరం చూడలేదు, ఆశీస్సులు చెప్పమన్నారు.

ఒక్క మాట మిగిలింది. రావుగారికి నువ్వు పంపిన ఆఖరి జవాబు కంపెనీ వాళ్ళు రాసిపెట్టిన నమూనాయే అయి ఉంటుంది, కింద మాత్రం నీ పేరుంది. చివరి లైను ఇదీ: "యాప్ వాడటంలో మీకు ఇబ్బందిగా ఉంటే, ఇంట్లో పిల్లలెవరినైనా సాయం అడగండి."

అడుగుతున్నాను, హర్షా.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ అమ్మ.