రొమానాకు తెప్ప దొరకని రోజు

1881 జనవరి 13, గురువారం

తూర్పు గాలి. మధ్యాహ్నానికి కెరటాలు లేచాయి. స్టీమరు మరీ దూరంగా లంగరు వేసింది. మా సియరా రేవులో లోతు లేదు కాబట్టి సరుకైనా మనుషులైనా మా తెప్పల మీదే పోవాలి. నాలుగు ట్రిప్పులు వేశాను. మొదటిది పత్తి బేళ్లు, రెండోది తోళ్లు. మిగతా రెండూ బానిసలు. పదకొండు మంది. దక్షిణాది కాఫీ తోటలకు.

బానిసల వ్యాపారి సేవెరో దొర మనుషులు వాళ్లను తాళ్లతో కట్టి తెచ్చారు. నా తెప్ప ఎక్కేవాళ్ల చేతులు కట్టి ఉండకూడదు. కెరటం తిరగేస్తే రాళ్లలా మునిగిపోతారు. విప్పమన్నాను. విప్పారు.

వాళ్లలో ఒక కుర్రవాడు, పధ్నాలుగేళ్లుంటాయి. పేరు బెల్మీరో. లోపలి ఊళ్ల నుంచి నడిపించుకొచ్చారట, సముద్రం చూడటం ఇదే మొదలు. ఇదంతా ఉప్పేనా అని అడిగాడు. అవునన్నాను. ఎవరు పోశారని అడిగాడు. తెప్ప మీద నాకు తోడుండే లౌరిందో ఊరుకోడు కదా, ఇంకెవరు, సేవెరో దొరే, మీరు పారిపోతే దాహానికి చావాలని బస్తాలు బస్తాలు కుమ్మరించాడు అన్నాడు. కుర్రవాడు నవ్వాడు.

వాళ్లమ్మ ఒడ్డున ఉంది. పేరు రొమానా. ఇద్దరినీ దక్షిణాదిన కాంపీనస్‌లో కాఫీ తోట ఉన్న ఒకే దొర కొన్నాడట. ఈ స్టీమరులో చోటు లేక ఆమెను తర్వాతి దానికి ఉంచారట. ఆమె నడుము లోతు నీళ్లలోకి వచ్చి, అయ్యా, వీడికి ఈత రాదు అంది. నేనున్నాను కదా అన్నాను.

స్టీమరు నిచ్చెన దగ్గర వాడు నా భుజం వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటిగా నేనే విప్పాను.

జనవరి 14

వేటకు పోలేదు. భుజం నొప్పి అని లౌరిందోతో చెప్పాను.

జనవరి 23, ఆదివారం

చర్చి అయ్యాక తెప్పలవాళ్లం అందరం ఇసుకలో కూర్చున్నాం. ఊళ్లో బానిసల విడుదల సంఘం ఒకటి పెట్టారు. మేస్టర్లు, కొట్లవాళ్లు, కొందరు ఆడవాళ్లు కూడా ఉన్నారట. ఆ సంఘం సెక్రటరీ మేస్టారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో ఇసుకలో ఎలా కూర్చోవాలో తెలియక చివరిదాకా నిలబడే ఉన్నాడు. ఆయన చెప్పింది ఒక్కటే. మీరు తెప్ప ఎక్కించుకోకపోతే ఇక్కడి నుంచి ఒక్క బానిసా దక్షిణాదికి పోలేడు అని. ఇంతకాలం ఈ మాట మాకు ఎందుకు తోచలేదో.

ముసలి దమియాన్ లేచి, పనికిమాలిన పౌరుషానికి పోతే ఇంట్లో పొయ్యి వెలగదు నాయనా, దొర కూలి మానేస్తే పెళ్లాలు మనల్ని మానేస్తారు అన్నాడు. లౌరిందో ఊరుకోలేదు. కరువు మూడేళ్లు ముళ్ల చెట్ల వేళ్లు తిని బతికాం తాతా, ఈ ఒక్క కూలి లేకపోతే పోతామా, నీ పెళ్లాం నిన్ను మానేసి చాలా కాలమైంది, నీకే తెలియదు అన్నాడు. అందరూ నవ్వారు.

చేతులెత్తమన్నారు. మొదటి చెయ్యి నాది. లౌరిందో నా వైపు తిరిగి, మా బావ చెయ్యెత్తాడర్రా, ఇక వాన పడుతుంది అన్నాడు. వాడు నా భార్య తమ్ముడు. ఆవిడ మశూచితో పోయాక నాతో వేళాకోళం ఆడేవాడు వాడొక్కడే మిగిలాడు.

తర్వాత అన్ని చేతులూ లేచాయి. దమియాన్‌ది కూడా.

జనవరి 27

పొద్దున స్టీమరు వచ్చింది. సేవెరో దొర పధ్నాలుగు మందిని రేవుకు తెచ్చాడు. మేం తెప్పలన్నీ ఇసుక మీదికి లాగేసి తెరచాపలు చుట్టేశాం. ఊరు ఊరంతా ఒడ్డున ఉంది. ఇంత జనాన్ని నేను కరువులో గంజి కేంద్రం దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు.

దొర ముందు బతిమాలాడు. రెట్టింపు ఇస్తానన్నాడు. తర్వాత పోలీసులను పిలుస్తానన్నాడు. లౌరిందో, పిలవండి దొరా, వాళ్లకు తెప్ప నడపడం వస్తే మేమూ చూసి నేర్చుకుంటాం అన్నాడు. జనం ఈలలు వేశారు. ఈ రేవు నుంచి ఇక బానిసలు ఎక్కరు అని ఎవరో అరిచారు. అందరూ అదే మాట పట్టుకున్నారు. నేనూ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు దొర రొమానాను ముందుకు తెచ్చాడు.

ఇదిగో, ఈమెనే అడగండి, నేనేమైనా బలవంతం చేశానా, తనే పోతానంటోంది అన్నాడు. ఆమె అవునంది. నా కొడుకు ముందే పోయాడు, నన్నూ అక్కడికే పంపుతున్నారు, నన్ను ఎక్కించండి అంది. జనం మండిపడ్డారు. దొర నేర్పిన చిలక పలుకులు అన్నాడు ఒకడు. సంఘంలోని ఒకావిడ ఏడుస్తూ, తల్లీ, భయపడకు, నువ్వు ఏమీ అబద్ధం ఆడక్కర్లేదు అంది. లౌరిందో అయితే, ఎంత బెదిరించావురా ముండాకొడకా అని దొర మీదికే పోయాడు. పధ్నాలుగు రోజుల క్రితం ఆ కుర్రవాడితో నవ్వినవాడే. ఈమె వాళ్లమ్మ అని వాడు గుర్తుపట్టలేదు. ఆ రోజు వాడు తెప్పకు అటు చివర ఉన్నాడు.

ఆమె గుంపులో నన్ను వెతికి పట్టుకుంది. నేరుగా నా దగ్గరికి వచ్చి, నువ్వే కదయ్యా వాణ్ణి తీసుకెళ్లావు, వీళ్లకు చెప్పు అంది.

ఆమె చెప్పేది నిజమని ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. చెబితే ఎక్కేది ఆమె ఒక్కతే కాదు. ఒకరిని ఎక్కించాక దొర మిగతా పదముగ్గురినీ ఎక్కించమంటాడు. వచ్చే స్టీమరుకు ముప్పై మందిని తెస్తాడు. ఇవన్నీ నాకు అక్కడే తోచాయో, ఇప్పుడు రాస్తుంటే తోస్తున్నాయో తెలియదు.

రేవు మూసేశామమ్మా అన్నాను.

జనం చప్పట్లు కొట్టారు.

జనవరి 28

బేళ్లు మూడు ట్రిప్పులు. గాలి లేదు.

జనవరి 31

ఇంకో స్టీమరు. దొర మళ్లీ తెచ్చాడు, మేం మళ్లీ కాదన్నాం. ఊళ్లో బ్యాండు వాయించారు. రొమానా వరసలో ఉంది. ఈసారి ఏమీ అడగలేదు.

మార్చి 27

పంపలేక సేవెరో దొర దగ్గరే ఉండిపోయినవాళ్లలో ఆరుగురిని సంఘం వాళ్లు చందాలు వేసి విడిపించారు. రొమానా వాళ్లలో ఉంది. థియేటరులో సభ పెట్టి మా తెప్పలవాళ్లను ముందు వరస బెంచీల్లో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరినీ పిలిచి విడుదల పత్రం చేతికిచ్చారు. పూలు చల్లారు. రొమానాను రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె తర్వాతి స్టీమరు ఎప్పుడని అడిగింది. వెనక ఉన్నవాళ్లు సరిగ్గా వినపడక చప్పట్లు కొట్టారు.

ఏప్రిల్ 10

వాన మొదలైంది. వల బాగుచేస్తుంటే రొమానా వచ్చింది. చెప్పకుండానే గుమ్మంలో కూర్చుంది. ఇప్పుడు రేవు వెనక ఇళ్లల్లో బట్టలు ఉతుకుతోందట. నేను కర్రపెండలం పిండి, ఎండు చేప పెట్టాను. చేప తినలేదు.

నీకు రాయడం వచ్చటగా అంది. వచ్చన్నాను. ఏ మేస్టారు నేర్పాడని అడిగింది. ఎవరూ లేరు, పత్తి బేళ్ల మీద గుర్తులు చూసి నేర్చుకున్నానన్నాను. అయితే నీ ఉత్తరం చదివినవాళ్లు పత్తి పంపుతారేమో అంది. నవ్వాలో వద్దో తెలియలేదు.

సెక్రటరీ మేస్టారు ఆమెను పోవద్దన్నాడట. దక్షిణాదిలో ఎవడైనా నీ పత్రం చింపేస్తే నిన్ను అడిగేవాడు ఉండడు, మేం పెద్దలకు రాస్తాం, ఓపిక పట్టు అన్నాడట. మూడుసార్లు అదే మాట చెప్పాడట. అందుకని నా దగ్గరికి వచ్చింది.

కాంపీనస్ దొరకు రాయించింది. అక్కడ చలి అంటారు, దుప్పటి ఇచ్చారో లేదో అడుగు అంది. వాడు కుడిచెయ్యి వాటం కాదు, ఎడమచెయ్యి, కొడవలి పట్టుకోవడం చూసి మొండివాడు అనుకోవద్దని రాయి అంది. రాశాను.

లేచేటప్పుడు అంది. ఆ రోజు నేను నిజం చెబుతున్నానని నీకు తెలుసు.

తెలుసన్నాను.

మరి నోరు ఏమైంది అని అడిగింది.

నేను ఉత్తరం మడతపెట్టాను.  సరే, చిరునామా పెద్ద అక్షరాలతో రాయి అని చెప్పి వానలోనే పోయింది.

జూన్ 19

జవాబు లేదు. ఇంకోటి రాశాం.

ఆగస్టు 30

దొరలు మళ్లీ ప్రయత్నించారు. ఈసారి పోలీసులు నిజంగానే వచ్చారు. వాళ్ల కంటే జనం ఎక్కువ. ఎవరూ ఎక్కలేదు. లౌరిందోను భుజాల మీద ఊరేగించారు. అరిచి అరిచి రాత్రికి వాడి గొంతు పోయింది.

రొమానా అటు రాలేదు. వాగు దగ్గర బట్టలు ఆరేస్తూ కనిపించింది.

నవంబరు 6

నాలుగో ఉత్తరం. దీంట్లో కొత్తగా ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. దుప్పటి సంగతే మళ్లీ రాశాను.

1882 ఫిబ్రవరి 9

స్టీమరు టపాలో జవాబు వచ్చింది. తోట గుమాస్తా రాశాడు. మూడుసార్లు చదివి ఇక్కడ ఎక్కిస్తున్నాను.

బెల్మీరో అనే కుర్రవాడినీ తల్లి రొమానానూ మా దొర ఒకే కొనుగోలు కింద కొన్నారు. మీ రేవులో అల్లరి వల్ల తల్లి చేరలేదు. కుర్రవాడు పనికి నిలవలేదు. రెండుసార్లు పారిపోయాడు. రెండుసార్లూ మీ వైపు నుంచి తెచ్చేవాళ్లు దిగే రైల్వే స్టేషన్‌లోనే దొరికాడు. అక్టోబరులో రియో క్లారో వైపు తోటకు అమ్మేశాం. తోట పేరు మా దగ్గర లేదు.

సాయంత్రం ఆమెకు చదివి వినిపించాను. ఒక్క ముక్కా వదల్లేదు. సేవెరో దొర ఒక్కసారి నిజం చెప్పాడు, అదీ రొమానాను ముందుకు తెచ్చిన రోజే చెప్పాడు.

స్టేషన్ సంగతి మళ్లీ చదవమంది. చదివాను. స్టేషన్‌కు ఎందుకు పోయాడో రాయలేదా అంది. లేదన్నాను. రాయకపోయినా తెలుసులే అంది. చీకటి పడేదాకా కూర్చుంది. 

ఫిబ్రవరి 10

లౌరిందోకు అంతా చెప్పాను. వాడు కాలితో ఇసుక తోస్తూ విన్నాడు. మనం తప్పు చేశామా బావా అని అడిగాడు. లేదన్నాను. అయితే నాకెందుకు అన్నం దిగడం లేదు అన్నాడు.

ఆ రోజు ఆగిపోయిన పధ్నాలుగు మందిలో తొమ్మిది మంది ఇప్పుడు ఇక్కడే స్వేచ్ఛగా ఉన్నారు. ఒకడికి నిన్న ఆడపిల్ల పుట్టింది.

మే 18

ఆగ్నేయపు గాలి, గట్టిగా. రొమానా ప్రయాణం ఈరోజు. ఏడాది పైగా ఉతికిన బట్టలన్నీ ఒక టికెట్ అయ్యాయి. ఒక మూట, ఒక బెల్లం ముద్ద, విడుదల పత్రం.

నేను తెప్ప నీళ్లలోకి తోసేలోపే పాతిక మంది అడ్డం వచ్చారు. నల్లటి ఆడమనిషి, చేతిలో మూట, దక్షిణాది స్టీమరు. వాళ్లకు ఇంకేం కావాలి, ముఖం ఎవరూ చూడనే లేదు. కుర్రవాళ్లు నన్ను తోసేశారు. ఎంతకు అమ్ముడుపోయావు ఫిర్మినో మామా అన్నాడు ఒకడు. వాడికి తెప్ప నేర్పింది నేను. ఇంకొకడు తెరచాప తాడు కోసేస్తానని కత్తి తీశాడు.

లౌరిందో మధ్యలో నిలబడ్డాడు. ముందు నన్ను కోసి తర్వాత తాడు కొయ్యరా, తాడు ఖరీదైంది అన్నాడు.

రొమానా పత్రం తీసి చూపించింది. ఎవరికీ చదవడం రాదు. దమియాన్ దాన్ని తలకిందులుగా పట్టుకుని నా చేతికిచ్చి, నువ్వే చదువు, అబద్ధం చదివితే మాత్రం దేవుడు చూస్తాడు అన్నాడు. చదివాను. ముగించేసరికి అందరూ కొంచెం వెనక్కి జరిగారు కానీ దారి ఇవ్వలేదు. అక్కడ నిన్ను మళ్లీ పట్టుకుంటారమ్మా, ఇంత చేసి నిన్ను ఎలా పంపమంటావు అన్నాడు దమియాన్. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

ఆమె అంది. తాతా, మీరు నాకు స్వేచ్ఛ ఇచ్చారు. ఇచ్చినదాన్ని ఎక్కడ వాడుకోవాలో కూడా మీరే చెబుతారా?

దారి ఇచ్చారు.

కెరటాలు దాటి స్టీమరు చేరాం. నిచ్చెన దగ్గర చెయ్యి అందించాను. అక్కర్లేదంది. మూట పళ్లతో పట్టుకుని తానే ఎక్కింది.

మే 19

కుర్రవాళ్లెవరూ నాతో మాట్లాడటం లేదు. లౌరిందో వచ్చి వల బాగుచేసి పోయాడు.

1883 మే 24

మా ఊళ్లో బానిసలందరినీ విడుదల చేశారు. గంటలు మోగాయి. రొమానా నుంచి ఏమీ లేదు.

1884 మార్చి 25

ఈరోజు నుంచి సియరా అంతటా బానిసలు లేరు. కోట మీద ఫిరంగులు పేల్చారు. దక్షిణాదిలో ఇంకా ఏమీ మారలేదు.

టపాలో ఉత్తరం వచ్చింది. రొమానా ఎవరిచేతో రాయించింది. కొడుకు దొరికాడట. తోట దొర వాణ్ణి అమ్మనన్నాడట, వదలననీ అన్నాడట. అందుకని ఆమె కూడా అదే తోటలో కూలికి కుదిరింది. చీకటి పడగానే కొడుకు పడుకునే బానిసల కొట్టానికి బయటినుంచి తాళం వేస్తారట. నీకు పత్రం ఉంది కదా, నువ్వు బయట పడుకో అని మేస్త్రీ రోజూ చెబుతాడట. రోజూ ఆమె లోపలికే పోతుందట.