ఎనభై అయిదు మెట్లు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నీ కోడలూ, మనవరాలూ, నేనూ కులాసా. నువ్వూ, అక్కా, బావా కూడా కులాసాగానే ఉన్నట్టున్నారు. బావ గురక మీద ఒక పేజీ రాసే ఓపిక నీకుందంటే ఆరోగ్యానికి ఢోకా లేనట్టే.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. మనవరాలికి పైపన్ను వచ్చింది. లిఫ్టుల తనిఖీ ఉద్యోగం మామూలే. మీట నొక్కి, తలుపు మూసి, ఏదో ఒక తప్పు పట్టి వస్తాను. చివరి ప్రశ్నకు జవాబు చివర్లో రాస్తాను.

ఫోను చూసి నాలో నేను నవ్వుకుంటున్నానని నీ కోడలు ఫిర్యాదు చేసిందట. అందులో రహస్యమేమీ లేదు. నలుగురం ఆన్‌లైన్‌లో ప్రశ్నలాట ఆడుతున్నాం, పాటల మీదా, ఆటల మీదా. ఒకావిడ పళ్ళ డాక్టరు, ఒకాయన బస్సు డ్రైవరు, ఇంకొకతను 'ఎడమకాలు' అని పేరు పెట్టుకున్నాడు. నేను 'నాలుగో అంతస్తు'. ఎవరం ఎవరినీ చూడలేదు. సరైన జవాబు చెప్పినవాళ్ళు తరవాతి ప్రశ్న అడగాలి. తప్పొప్పులు తేల్చేది ప్రశ్న అడిగినవాళ్ళే. ఏడాదిగా ఇదే రూలు.

పోయిన నెల నా వంతు వచ్చింది. బుర్రకేమీ తట్టక, పియానోకు తెల్లవీ నల్లవీ కలిపి ఎన్ని మెట్లని అడిగాను. ఎనభై ఎనిమిదని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఎడమకాలు అందరికంటే ముందు ఎనభై అయిదన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వి, నెట్‌లో చూసుకోమన్నారు. "చూడక్కర్లేదు, తుడుస్తూ లెక్కపెట్టాను" అని రాశాడు.

నాన్న కాపలా కాసిన స్కూల్లో పాతకాలం నాటి పియానోకు ఎనభై అయిదే. ప్రతి శనివారం మా ఇద్దరిచేతా తుడిపించేవాడు. తెల్లవి నావి, నల్లవి తమ్ముడివి. ఏడేళ్ళుగా నాతో మాట మానేసినవాడితో ఏడాదిగా రోజూ కబుర్లాడుతున్నానన్నమాట.

తీర్పు చెప్పాల్సింది నేనే. ఎనభై అయిదూ ఒప్పేనని రాశాను. "ఆ పియానో తెల్లమెట్లు తుడిచింది నేను" అని కింద కలిపాను. మూడో రోజు అతని ప్రశ్న వచ్చింది.

"పై వీధికీ కింది వీధికీ ఫుట్‌బాల్ ఫైనలు. ఆఖరి నిమిషం. గోల్‌కీపరు వెనక్కి లాగేలోపు బంతి గీత దాటిందా, లేదా?"

ఏ దేశమని డాక్టరమ్మ, ఏ ఏడాదని డ్రైవరు అడిగారు.

ఇక నీ చివరి ప్రశ్న. ఆ రోజు మైదానంలో ఏం జరిగిందని ఏడేళ్ళుగా అడుగుతున్నావు. దుమ్ము లేచి కనపడలేదని దాటేస్తూ వచ్చాను. కనపడిందమ్మా. బంతి మూరెడు లోపలికి పోయింది. రిఫరీని నేను, కొట్టింది తమ్ముడు. గోల్ ఇస్తే సొంతవాడికి కట్టబెట్టాడంటారని భయపడి చెయ్యి అడ్డంగా ఊపాను. ఇంటికొచ్చాక "నువ్వు చూశావు, అన్నా" అన్నాడు, అంతే. మర్నాడు వెళ్ళిపోయాడు. నా నిజాయితీని వీధంతా మెచ్చుకుంది. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గ్రూపులో జవాబు రాశాను: "దాటింది. రిఫరీ చూశాడు." ఒప్పని టిక్కు పెట్టాడు.

రూలు ప్రకారం ఇప్పుడు నా వంతు. నాలుగు రోజులుగా డాక్టరమ్మ తొందరపెడుతోంది. నా దగ్గరున్న ప్రశ్న నలుగురిలో అడిగేది కాదు. తన నంబరు నాకివ్వొద్దని వాడు నీతో ఒట్టు వేయించుకున్నాడని తెలుసు. ఈ ఉత్తరం వాడికి ఫోన్లో చదివి వినిపించి, ఇప్పుడైనా ఇవ్వొచ్చా అని అడుగు. ప్రశ్న నాదే అయినా, తప్పొప్పులు ఈసారి వాడే తేలుస్తాడు.

ఇట్లు,
దాటిన బంతిని దాటలేదన్న
నీ పెద్దవాడు