రెండు సీసాల ఆయిల్

ప్రియమైన లెక్కల అక్కకి,

ఫోన్లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నా. కూర్చుని చదువు.

నిన్న మన షెడ్డుకి లారీల యార్డు మీసాలాయన వచ్చాడు. అవును, ఆయనే. మీసాలు తెల్లబడ్డాయి, గొంతు మాత్రం అదే. నేనెవరి కొడుకునో తెలిసే వచ్చాడు. "ఆటోమేటిక్ గేర్ల పని ఈ చుట్టుపక్కల నీకు తప్ప ఎవడికీ రాదంటున్నారు. గతిలేక వచ్చాను," అన్నాడు. మర్యాద కూడా గతిలేకే నేర్చుకున్నట్టుంది.

పెద్ద డీజిల్ లారీ. క్వారీ నుంచి రాయి వేసుకుని కొండ రోడ్డు ఎక్కలేక మూలుగుతోందట. బలం పెంచమంటాడు. ఇంజిన్‌కి బలం పెంచడం ఒక పూట పని అక్కా. డీజిల్ ఎక్కువ పోయేలా కంప్యూటర్లో మారిస్తే చాలు. కానీ ఆ బలమంతా మోయాల్సింది వెనకున్న గేర్‌బాక్సు. దాని లోపలి ప్లేట్లకి పట్టు చాలక జారతాయి. జారితే వేడెక్కుతాయి. ఆయిల్ మాడిపోతుంది. నెల తిరక్కుండా ఆ గేర్ల పెట్టె బూడిద. అలా కాకూడదంటే వారం పని. గేర్‌బాక్సులో ఆయిల్ ఒత్తిడి పెంచాలి, పెద్ద కూలర్ వెయ్యాలి, బండి కదిలేటప్పుడు బలం మెల్లగా వచ్చేలా కట్టడి చెయ్యాలి.

చేస్తాననలేదు, చెయ్యననలేదు. నువ్వేమంటావు?

నీ
బోల్టు

*

ప్రియమైన బోల్టుకి,

నీ ఉత్తరం చదివాక క్లాసుకి వెళ్లాను. బోర్డు మీద సగం లెక్క చేసి, మిగతా సగం మర్చిపోయి నిలబడ్డాను. ఇరవై రెండేళ్లుగా ఎప్పుడూ అలా జరగలేదు.

నాకు ప్రతిదాని మీదా అనుమానమేనని నువ్వు నవ్వుతావు కదా. గ్యాస్ కట్టేశానా, తలుపు వేశానా, పెళ్లి చేసుకోకపోవడం మంచిదయిందా. కానీ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు. ఆ మనిషి మన నాన్నని చంపాడు. తన యార్డులో పాతికమంది డ్రైవర్ల మధ్య నిలబెట్టి "దొంగ" అన్నాడు. ఏం దొంగిలించారని అడిగితే నాన్న "వదిలెయ్ తల్లీ" అన్నారు. అంతే. మళ్లీ ఒక్క లారీ మన గుమ్మం తొక్కలేదు. ఇంజిన్లు ఒంటి చేత్తో విప్పిన మనిషి, పోయేదాకా కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ బతికాడు.

ఆ గొడవకి ముందు ఆయన లారీ మన షెడ్డులో ఉన్నప్పుడు నేను సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. ఎంత శ్రద్ధగా చేశారో నా కళ్లతో చూశాను. అప్పుడూ ఇదే పని, బలం పెంచడం. చివర్లో చేతులు కడుక్కుంటూ "అమ్మాయ్, గేర్‌బాక్సులో ఆయిల్ ఎంతుందో చూడు," అన్నారు. చిన్నప్పుడు నేర్పినట్టే ఇంజిన్ ఆపి, నూనె కిందికి దిగేదాకా ఆగి, ఆయిల్ కొలిచే పుల్ల తుడిచి పెట్టి చూశాను. గీత దాటి ఉంది. ఎక్కువైనది రెండు లీటరు సీసాల్లోకి తీసేశాను. "చదువుకున్న చెయ్యి!" అని మురిసిపోయారు. గీతకి వెంట్రుకవాసి తేడా రానివ్వని షెడ్డు అది. ఆ షెడ్డుకా దొంగతనం అంటగట్టేది?

కాబట్టి నేననేది ఇది. ఆ ఒక పూట పని చెయ్యి. వారం పని చెయ్యకు. అడిగినది బలమే కదా, బలమే ఇవ్వు. గేర్‌బాక్సు గురించి నోరెత్తకు. కొండ మధ్యలో, అందరూ చూస్తుండగా ఆగిపోనీ.

నీ
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి చెయ్యి కడుక్కున్నాను. ఎందుకో తెలీదు.

నువ్వు చెప్పినట్టు చెయ్యడం చాలా తేలిక. ఎవరూ నన్ను పట్టుకోలేరు కూడా. కానీ రాయి లోడుతో ఎక్కుతున్నప్పుడు పెట్టె జారిపోతే బండి ముందుకు లాగదు. ఆ బరువంతా బ్రేకుల మీద పడుతుంది. లారీ నడిపేది మీసాలాయన కాదు. ఒక డ్రైవరు, ఎడమ మోకాలు పోయినవాడు. క్లచ్ తొక్కలేడు కాబట్టే ఈ ఆటోమేటిక్ బండి మీద పని దొరికింది. మన షెడ్డులో స్టూలు మీద కూర్చుని, కాలు చాపుకుని, నా రేడియోకి ఈల వేస్తుంటాడు. శ్రుతి మాత్రం ఘోరం.

ఇంకోసారి ఆలోచించు.

నీ
బోల్టు

*

ప్రియమైన బోల్టుకి,

ఆలోచించాను. ఉత్తరం రాసి రెండు రోజులు బల్ల మీద ఉంచి మరీ పోస్టు చేస్తున్నాను. కాబట్టి ఇది ఆవేశం అనుకోకు.

చెయ్యి. బండి వెనక్కి జారితే బ్రేకులున్నాయి. ఉన్నాయనే అనుకుంటాను. ఆ డ్రైవరు గురించి మాత్రం నాకింకేమీ రాయకు. ముఖం తెలిసిన మనిషికి హాని తలపెట్టే ధైర్యం నాకు లేదు. అందుకని తెలియనివ్వకు.

నాన్న కొడుకువైతే చేస్తావు.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నాన్న కొడుకునే. అందుకే చెయ్యలేదు.

వారం పనీ చేశాను. ఒత్తిడి పెంచాను, కూలర్ వేశాను, డ్రైవరు ఎదురుగా వేడి చూపించే మీటరు బిగించాను. నిన్న నిండా రాయి వేసి నేనే కొండ ఎక్కించాను. పక్కన మీసాలాయన. బండి బరువే తెలియనట్టు ఎక్కుతుంటే ఆయన మెత్తబడ్డాడు. "మీ నాన్న కూడా పనిమంతుడేనయ్యా. రెండు లీటర్ల ఆయిల్‌కి కక్కుర్తి పడ్డాడు, అదే బాధ. పెట్టె మాడిపోయాక విప్పించి కొలిపిస్తే సరిగ్గా రెండు లీటర్లు తక్కువ," అన్నాడు.

కొండ మీద బండి ఆపి, ఇంజిన్ మాత్రం ఆపకుండా, వేడి మీదే పుల్ల తీసి చూపించాను. "ఆటోమేటిక్‌లో ఆయిల్ ఇలాగే చూడాలి. ఇంజిన్ ఆపితే పైనున్నదంతా కిందికి దిగి, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది," అన్నాను. ఎందుకు చెబుతున్నానో ఆయనకి తెలియదు.

నీకు తెలుస్తుంది. క్షమించక్కా.

నాన్నకీ అది మొదటి ఆటోమేటిక్ బండి. పుల్ల సంగతి ఏడాది తర్వాతే తెలిసింది. యార్డులో ఆ రోజు "ఎక్కువైతే తీశాం" అనైనా అనొచ్చు. అంటే ఎవరు తీశారని అడుగుతారు. నిన్ను పాతికమంది మధ్యకి పిలుస్తారు. అందుకే నోరు విప్పలేదు. నాకొక్కడికే చెప్పారు. "అమ్మాయికి చెప్పకురా. అది అన్నిటినీ అనుమానిస్తుంది. దాని చేతినైనా దాన్ని నమ్ముకోనీ," అన్నారు.

ఇన్నాళ్లూ దాచాను. డ్రైవరు ముఖం తెలియనివ్వకు అని నువ్వు రాశాక ఇక దాచలేకపోయాను. ఆ రెండు సీసాలూ అటక మీదే ఉన్నాయి. నాన్న మూత తియ్యలేదు, పారెయ్యలేదు. పోయేదాకా దుమ్ము తుడిచి పెట్టేవారు.

నీ
బోల్టు

*

ప్రియమైన బోల్టుకి,

ఇది నాలుగో కాగితం. ముందు మూడింటిలోనూ, పుల్ల చూడమన్నది నాన్నే కదా అని రాశాను. ఇంజిన్ ఆపి చూడమని నేర్పిందీ ఆయనే కదా అని రాశాను. చించేశాను.

ఇరవై రెండేళ్లు ఆ మనిషిని మనసులో రోజుకొకసారి చంపాను. ఆ ఒక్కదాంట్లో ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇప్పుడు రాసిన ప్రతి మాటా రెండుసార్లు చదువుకుంటున్నాను.

శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఆ సీసాలు దింపి ఉంచు. దుమ్ము తుడవకు, నేను తుడుచుకుంటాను. మనం యార్డుకి వెళ్దాం. డ్రైవర్లందరూ ఉండే వేళకే వెళ్దాం. మీసాలాయన ముందు ఆ రెండు సీసాలూ పెట్టి "ఇదిగో మీ ఆయిల్, తీసింది నేను," అంటాను. ఏమంటాడో అననీ. పడతాను.

ఆ తర్వాత ఆయన వంతు. నాన్నని ఏ మాట అన్నాడో, అదే చోట, అదే గొంతుతో వెనక్కి తీసుకోవాలి. తీసుకునేదాకా అక్కడి నుంచి కదలను. నా తప్పు నాది, ఆయన మాట ఆయనది. ఒకదానికొకటి చెల్లిపోనివ్వను.

ఆ ఈల వేసే డ్రైవర్ని కూడా ఉండమను. ముఖం చూడాలి.

నీ
అక్క