మెత్తటి క్లచ్

ఆదివారం

అమ్మ లెక్కలో నాది చదువుకున్న పొగరట. నాన్న మనసుపడినదానికి కావాలనే అడ్డుపడుతున్నానట.

అరటితోటకు పాత మినీ ట్రాక్టర్ చూద్దామని పొద్దున నాన్నా నేనూ గన్నవరం వెళ్లాం. ఉన్న డబ్బుకు అందేవి అక్కడ రెండే. కొత్తగా రంగేసిన ఎర్రబండిని చూడగానే నాన్న ముఖం వెలిగిపోయింది.

"దున్నుకోడానికి రోటావేటర్ కూడా ఇదే రేటులో ఇచ్చేస్తానండీ," అన్నాడు అమ్మేవాయన.

నాన్న ఎక్కి, క్లచ్ తొక్కడానికి ఎడమ మోకాలిని అరచేత్తో గట్టిగా అదిమాడు. నేను చూశానని తెలిసి నవ్వేశాడు. "క్లచ్ కొత్తపెళ్లికొడుకులా బిగుసుకుందమ్మా, నాలుగురోజులు పోతే అదే దారికొస్తుంది."

రెండోది రంగు వెలిసిన నీలం బండి. రోటావేటర్ లేదు, ధర మాత్రం అంతే.

"నా కోసం ఒక్కసారి ఎక్కు నాన్నా."

ఈసారి నాన్న చెయ్యి మోకాలి దగ్గరికే పోలేదు. షెడ్డు చుట్టూ ఒక రౌండు కొట్టి, నేను పిలుస్తున్నా వినకుండా ఇంకో రౌండు కొట్టాడు. దిగాక మాత్రం, "ఎర్రదే బాగుందే," అన్నాడు.

మోకాలి సంగతి తెలిస్తే అమ్మ రేపటినుంచి ఆయన్ని తోటకే పోనివ్వదు. తోట లేకపోతే నాన్న ఏమైపోతాడో... అందుకే అమ్మ అన్నవన్నీ పడ్డాను.

ఈ ఏడాదికి రోటావేటర్ అద్దెకు తెస్తాను. నీలం బండే కొంటున్నాను.